ఒక యధ్యాయమును చదువుట

గ్రంథమును చదివితినని చెప్పుట సులభము. అందలి యే యధ్యాయమును చదివితివి, అందేమున్నది యని యడిగినపుడు బదులు చెప్పుట కష్టము. ఈ ప్రశ్నను నేను తరగతిలో పలుమారులు వేసియున్నాను. మొదటి ప్రశ్నకు లేచిన చేతులలో సగము రెండవ ప్రశ్నతో క్రిందికి దిగును. ఇది మన పిల్లల తెలివితక్కువ కాదు. గ్రంథముల సారాంశములు అంగళ్లలో గైడుల రూపమునను, ఇప్పుడు ఫోనులలోను దొరకుచుండగా, మూలగ్రంథమున ముప్పది పుటలను కుదురుగ కూర్చుండి చదువుమనుట వారికి శిక్షవలె తోచుచున్నది. తలిదండ్రులును మార్కులెన్ని వచ్చినవని యడుగుదురు గాని యే పుటలు చదివితివని యడుగరు.

నా యభిప్రాయమిది. హైస్కూలు విద్యార్థి పది గ్రంథముల సారాంశములను కంఠస్థము చేయుటకంటె, ఒక మంచి గ్రంథమున నొక్క యధ్యాయమును మొదటి వాక్యమునుండి తుది వాక్యము వరకు, దాని ముందు వెనుకల నెరిగి చదువుట మేలు. ఎందువలన మేలో చెప్పుటకు నా సొంత తప్పు నొకదానిని చెప్పుకొనవలసి యున్నది. దానికి ముందు మనమందర మెరిగిన గ్రంథములను గూర్చి కొన్ని మాటలు.

చిన్నయసూరిగారి నీతిచంద్రిక 1853లో వెలువడినది. అందు రెండే భాగములు కలవు, మిత్రలాభము, మిత్రభేదము. సంస్కృత పంచతంత్రమున మిత్రభేదము ముందు వచ్చును. సూరిగారు హితోపదేశమున వలె మిత్రలాభమును ముందుంచిరి. పాఠ్యపుస్తకముల కెక్కునదియు సాధారణముగ మిత్రలాభమే. చిత్రగ్రీవుడు, హిరణ్యకుడు, లఘుపతనకము, మంథరకము అను పేర్లు చదువుకొన్న తెలుగు గృహములలో చుట్టముల పేర్లవంటివి. పావురములు వలతో గూడ నెగిరిపోయిన కథను చెప్పని యవ్వ లేదు. కాని మిత్రభేదమును తెరచి చూచినవా రెందరు? అందు కరటకుడు, దమనకుడు అను నక్కలు రెండు కలవు. పింగళకమను సింహమునకును సంజీవకమను వృషభమునకును చెలిమి కూర్చినవాడు దమనకుడే. ఆ చెలిమిని చెరచి వృషభమును చంపించినవాడును దమనకుడే. ఇచ్చట గమనింపదగిన సంగతి యొకటి కలదు. దమనకుని నోట వెలువడు నీతివాక్యములు మిత్రలాభమున హిరణ్యకుని నోట వెలువడు వానికి సొగసులో నేమాత్రమును తీసిపోవు. రెంటిని విడదీసి తరగతి గోడమీద వ్రాసినచో నేది యెవని మాటయో పోల్చుకొనుట కష్టము. అధ్యాయమున చదివినపుడే, ఎవడు, ఎవనితో, ఏ కోరికతో ననుచున్నాడో తెలియును. నీతివాక్యముల పట్టికలను పిల్లలచేత వ్రాయించు మావంటివారు, నన్నును చేర్చియే చెప్పుచున్నాను, ఆలోచింపవలసిన విషయమిది.

శాస్త్రగ్రంథముల పద్ధతి వేరు. సూరిగారిదే బాలవ్యాకరణము, 1858లో వెలువడినది, పది పరిచ్ఛేదములు గలది. మొదటి సంజ్ఞాపరిచ్ఛేదము మిక్కిలి చిన్నది. దానినుండి ప్రశ్నలు తక్కువగా వచ్చునని పిల్లలు దానిని దాటి సంధిపరిచ్ఛేదమునకు దుముకుదురు. సంస్కృతమునకు 50, ప్రాకృతమునకు 40, తెలుగునకు 36 వర్ణములని లెక్క తేల్చినది ఆ చిన్న పరిచ్ఛేదమే. ద్రుతప్రకృతికము లెవ్వియో, కళ లెవ్వియో పేరు పెట్టినదియు నదియే. ద్రుతప్రకృతికమనగా నేమో యెరుగని బాలుడు సరళాదేశసంధి సూత్రమును తడబడక యప్పగించుట నేను వినియున్నాను. చిలుక కూడ నట్లే యప్పగించును.

పరిశుద్ధ గ్రంథమున అధ్యాయములను వ్రాసినవారు విభజింపలేదు. ఇప్పటి విభాగము 13వ శతాబ్ది యారంభమున స్టీఫెన్ లాంగ్టన్ చేసినదని చెప్పుదురు. క్రొత్త నిబంధనకు ఇప్పటి వచనసంఖ్యలను 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అను ముద్రాపకుడు చేర్చెను. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని 13వ అధ్యాయమును మనము పెండ్లిండ్లలో చదువుదుము. ప్రేమను గూర్చినది కావున తగినదే. అయినను 12వ అధ్యాయపు తుదను, 14వ అధ్యాయపు మొదటిని చూచినవారికి, పౌలు దానిని వధూవరులకు గాక, ఎవరి వరము గొప్పదని పోట్లాడుకొనుచున్న యొక సంఘమునకు వ్రాసెనని తెలియును. అట్లు చదివినపు డా యధ్యాయము మెత్తదనము తగ్గి సూటిదనము హెచ్చును. మనవారి తగవులు కొన్ని నాకు జ్ఞప్తికి వచ్చుచున్నవి గాని యిచ్చట చెప్పను.

ఇక నా తప్పు. నేను ఉపాధ్యాయ శిక్షణము పొందుచున్న దినములలో నొక వక్తృత్వసభ జరిగినది. పరిణామవాదమును గూర్చిన వాదోపవాదము. నేను వ్యతిరేక పక్షమున నుంటిని. ఎవరో నా చేతిలో పెట్టిన కరపత్రమున డార్విను మాటగా నొక వాక్యము కలదు. దూరపు వస్తువునకును దగ్గరి వస్తువునకును తన్ను తాను సరిపరచుకొను నేత్రము ప్రకృతివరణము వలన నేర్పడినదనుట, దాపరికము లేక చెప్పవలెనన్న, మిక్కిలి యసంగతముగ తోచుచున్నదని దాని భావము. నేను దానిని బిగ్గరగ చదివి, "ప్రతిపక్షి తానే యొప్పుకొనుచున్నాడు" అని ముగించితిని. చప్పట్లు మ్రోగినవి. బహుమానముగ నొక నిఘంటువు నిచ్చిరి. అది యిప్పటికిని నా బల్లమీద నున్నది.

చాల యేండ్లకు తొమ్మిదవ తరగతిలో నా వాక్యమునే మరల చెప్పితిని. పాఠము ముగిసిన పిదప నొక బాలుడు దగ్గరకు వచ్చి, "అయ్యా, ఆ వాక్యము తరువాత నేమున్నదండి?" అని యడిగెను. ఎగతాళి లేదు, తెలిసికొనవలెనను కోరికయే. నాకు తెలియదు. తెలియదనుటకు సిగ్గుపడి, "రేపు చెప్పెదను" అంటిని. రేపు కాదు, అయిదు దినములు పట్టినది. ఏలయన కరపత్రమున అధ్యాయసంఖ్య లేదు, నేను గ్రంథమును ముట్టియే యుండలేదు.

ఆ వాక్యము డార్విను వ్రాసిన జీవజాతుల యుత్పత్తి యను గ్రంథమున ఆరవ యధ్యాయములో నున్నది. గ్రంథము 1859 నవంబరు 24న లండనులో వెలువడెను. మొదటి కూర్పున 14 అధ్యాయములు. మొదటిది పెంపుడు జీవులను, విశేషముగ పావురములను గూర్చినది. నాలుగవది ప్రకృతివరణమును విస్తరించి చెప్పును. అయిదవదానిలో భేదములు పుట్టు నియమములను గూర్చి మన కెరుక మిక్కిలి తక్కువయని గ్రంథకర్త యొప్పుకొనును. ఆరవదాని పేరే సిద్ధాంతమునకు గల చిక్కులు. అనగా గ్రంథము సగము కాకముందే యతడు ప్రతిపక్షి చేతికి తానే యాయుధముల నందించుచున్నాడు.

ఆ యధ్యాయము సుమారు 35 పుటలు. ఇంతవరకు వచ్చులోపల చదువరికి పెక్కు చిక్కులు తోచియుండునని యారంభించును. కొన్ని తన్ను నేటికిని తత్తరపెట్టునంతటివనియు, ఐనను వానిలో హెచ్చువంతు పైకి కనబడునవే యనియు, నిజమైనవియు సిద్ధాంతమునకు ప్రాణాంతకములు కావని తన తలంపనియు చెప్పును. పిమ్మట వానిని నాలుగుగ నేర్పరచును. ఒక జాతి మరియొక జాతినుండి క్రమముగ పుట్టినచో నడిమి రూపములేల యెల్లెడల కనబడవు? గబ్బిలమువంటి జంతువు, నేత్రమువంటి యద్భుతావయవము, జిరాఫీ తోకవంటి యల్పావయవము, ఇవి యెల్ల నొక్క కారణముననే పుట్టునా? తేనెటీగకు పట్టు కట్టు సహజజ్ఞానమెట్లు వచ్చెను? భిన్నజాతులను కలిపినపుడు సంతతి గొడ్డువోవుటయు, ఒకే జాతిలోని భేదములను కలిపినపు డట్లు కాకుండుటయు నేల? కడపటి రెండు ప్రశ్నలకును వేరుగ 7, 8 అధ్యాయములు కలవు. మొదటి రెంటి విచారణ యిచ్చట.

నా వాక్యము ఈ విచారణ నడుమ వచ్చును. దాని వెంటనే త్రోవ మారును. మిక్కిలి సామాన్యమైన కన్ను మొదలు సంపూర్ణమైన కన్ను వరకు మెట్లు కలవని చూపగలిగినచో, ఒక్కొక్క మెట్టును దానిని గల జీవికి ప్రయోజనకరమైనచో, ఆ భేదములు సంతతికి సంక్రమించునేని, ఈ చిక్కు మన యూహకు దాటరానిదైనను నిజమైన చిక్కు కానేరదని బుద్ధి చెప్పుచున్నదని యతడు వ్రాసెను. తరువాత నా మెట్లను వెదకుటకు బయలుదేరును. రంగు పూసినట్లున్న దృష్టినాడి తప్ప మరేమియు లేని క్షుద్రజీవులనుండి యారంభించి మీదికి పోవును. కరపత్రకర్త "అయినను" అను మాటకు ముందు కత్తెర వేసెను. ఆ కత్తెర పనికి నేను నిఘంటువు సంపాదించితిని.

నన్నంతకంటె నాశ్చర్యపరచినది మరికొన్ని పుటల తరువాత నున్నది. క్రమక్రమముగ కలుగు స్వల్పభేదముల వలన నేర్పడుటకు ఎంతమాత్రమును వీలులేని సంకీర్ణావయవ మొక్కటి యున్నదని రుజువైనను తన సిద్ధాంతము పూర్తిగ కూలిపోవునని డార్విను చెప్పి, అట్టి దేదియు తనకు కనబడలేదనును. ఏ స్తంభమును తీసిన తన యిల్లు పడునో పొరుగువానిని పిలిచి చూపు గృహస్థు నెందైన చూచితిమా? ఆ దినమున సభలో నాకు నిజముగ కావలసిన వాక్యమిది. కాని దీనిని చదివిన ప్రతివాది యట్టి యవయవమును వెదకి తేవలసివచ్చును. చప్పట్లకు వాదించువాని కంత యోపిక యుండదు.

అతడు చెప్పినదెల్ల నిలిచినదని నేననుట లేదు. అదే యధ్యాయమున, ఉత్తర అమెరికాలో నొక నల్లని యెలుగుబంటి గంటలకొలది నోరు తెరచుకొని యీదుచు నీటిలోని పురుగులను పట్టుచుండగా హెర్న్ అను యాత్రికుడు చూచెనని చెప్పి, అట్టి జాతి క్రమముగ తిమింగిలమంతటి జంతువగుటలో తనకు చిక్కు కనబడదని మొదటి కూర్పున వ్రాసెను. జనులు నవ్విరి. తరువాతి కూర్పులలో నా యూహను తొలగించెను. కావున డార్విను ఇట్లనెనని యెవరైన చెప్పినపుడు ఏ కూర్పున ననెనని కూడ నడుగవలెను. తిమింగిలముల పూర్వికుల సంగతి యిప్పుడు బాగుగ తెలిసినది, అవి యెలుగుబంట్లు కావు. కాశ్మీరప్రాంతమున కాలాకోటు దగ్గర దొరకిన యొక చిన్న గిట్టల జంతువునకు ఎ. రంగారావు అను భారతీయ భూగర్భశాస్త్రజ్ఞుడు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టెను. ఆయన కూర్చిన రాళ్లను ఆయన మరణానంతరము విప్పి చూడగా, దాని చెవియెముక తిమింగిలముల చెవియెముక తీరున దళసరియై యుండెను. ఆ పరిశోధనము 2007లో ప్రకటింపబడినది. అది సుమారు నాలుగు కోట్ల యెనుబది లక్షల యేండ్లనాటి జంతువు, పిల్లికంటె మిక్కిలి పెద్దది కాదు. డార్విను ప్రశ్న సరియైనది, చూపిన జంతువు తప్పు. గ్రంథమును భక్తితోనో ద్వేషముతోనో తలమీద పెట్టుకొన్నవారికీ భేదము కనబడదు. అధ్యాయమును వాక్యము వెంబడి వాక్యముగ చదివినవారికి కనబడును.

నేత్రమును గూర్చియు నొక మాట. 1860లో అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడగు ఆసా గ్రేకు వ్రాసిన లేఖలో, కన్నును తలచినపుడు తనకు నేటికిని వణకు పుట్టుననియు, తెలిసిన మెట్లను తలచినపుడు ఆ వణకును జయింపవలెనని బుద్ధి చెప్పుననియు డార్విను వ్రాసెను. ఈ ఆసా గ్రే భక్తిగల క్రైస్తవుడు, డార్విను పక్షమున వాదించినవారిలో ముఖ్యుడు. కరపత్రమున నీయన పేరును లేదు. 1994లో నిల్సన్, పెల్గర్ అను స్వీడను శాస్త్రజ్ఞులు వెలుతురును గ్రహించు చదునైన పొరనుండి కటకము గల కన్ను వరకు మార్పులను లెక్కవేసి, భేదములు మిక్కిలి మెల్లగ కలుగుననుకొన్నను నాలుగు లక్షల తరములలోపలనే యది సాధ్యమని తేల్చిరి.

తొమ్మిదవ తరగతికి ఆరవ దినమున పోయి, నేను మీకు సగము వాక్యము చెప్పితినని యొప్పుకొని, మిగిలినదానిని తెలుగున వివరించితిని. ఆ బాలుడు సంతోషించినట్లు కనబడలేదు. "అయితే మొదటి దినము మేము వ్రాసికొన్నది కొట్టివేయవలెనా అండీ?" అని మాత్రమడిగెను. కొట్టివేయవలదు, తరువాతి వాక్యమును దానిక్రింద వ్రాసికొనుమంటిని.

ఈ సంగతి యిండ్లకు పోయినది. ఒక తండ్రిగారు నా యొద్దకు వచ్చి, "ఇటువంటి పుస్తకమును మిషను బడిలో పిల్లలచేత చదివింపవచ్చునా, మాస్టరుగారూ?" అని మర్యాదగనే యడిగిరి. ఆయన భయమును నేను తేలికగ చూడను, నాకును బిడ్డలు కలరు. ఆయనకు నేను చెప్పినది యిది. మీ కుమారుడు కొలది యేండ్లలో కళాశాలకు పోవును. అచ్చట నా వాక్యపు రెండవ సగము వానికి దొరకక మానదు. మన యుపాధ్యాయుడు మనకు సగము మాత్రమే చెప్పెనని వాడప్పుడు తెలిసికొనును. ఆపైన నేను పూర్తిగ చెప్పిన సంగతులను కూడ, లెక్కలను, చరిత్రను, ప్రార్థన మందిరములో చెప్పినదానిని, వాడు సందేహించును. సందేహించినందుకు నేను వానిని తప్పుపట్టలేను. జీవశాస్త్రజ్ఞులు డార్విను మూలసిద్ధాంతమును నేడంగీకరించుచున్నారు. మన విశ్వాసులలో నంగీకరించినవారును, అంగీకరింపనివారును కలరు. ఎటు నిర్ణయించుకొన్నను మీ కుమారుడు చదివి నిర్ణయించుకొనుగాక, కత్తెరముక్కను చూచి కాదు. ఆయన పూర్తిగ సమాధానపడెనని చెప్పలేను. బిడ్డను మాత్రము మానిపింపలేదు.

నా సహోపాధ్యాయు లొకరి యాక్షేపణ వేరు. అధ్యాయమును తెగగోసి చదువుటయు నొక కత్తెర పనియే గదా, గ్రంథమునే చదివింపరాదా యని వారనిరి. మాట నిజము. గ్రంథమంతయు చదువగలవాడు చదువవలసినదే. కాని వారమునకు మాకు దొరకునది యొక్క గంట. గ్రంథమంతయు చదివింతుమని పేరు పెట్టుకొని చివరకు సారాంశము వ్రాయించుట నాకు తెలిసిన ముచ్చట, నేను స్వయముగ పెక్కేండ్లు చేసినదే. పైగా సరిగ చదివిన యధ్యాయము చదువరిని తనయందు నిలువనీయదు. ఆరవదానిని చదివిన పిల్లలు ప్రకృతివరణమన నేమో తెలియక నాలుగవదాని నడిగిరి. నాలుగవదానిని చదువగా పావురముల కొరకు మొదటిదాని నడిగిరి. మేము గ్రంథమును వెనుకకు చదివితిమి. పండితులు నవ్వవచ్చును.

మేము చదువునపుడు పెద్ద తంత్రమేమియు లేదు. అధ్యాయము ఏ ప్రశ్నకు బదులు చెప్పుచున్నదో మొదట పిల్లల మాటలలోనే చెప్పింతును. ఇది తోచిన దానికంటె కష్టము, ఒక్కొక్కప్పుడు రెండు వారములు పట్టును. తరువాత గ్రంథకర్త తన్ను తాను సందేహించిన చోటును వెదకింతును. కథలలోనైన మాట లాడువాడెవడో, వాని కా మాటవలన లాభమేమో యడుగుదును. దమనకుడు మాకిందు మంచి గురువు. చివరకు ప్రతి బాలుడును ఒక వాక్యమును, విడదీసినచో నర్థము తారుమారగు దానిని, కనిపెట్టి తేవలెను. ఈ యాటయందు వారికి గల యుత్సాహము పరీక్షలయందు నేనెన్నడును చూడలేదు. ఒక బాలిక నా పాఠములోనిదే యొక వాక్యమును తెచ్చినది. అది సరిగనే యున్నది.

వచ్చు శనివారము మధ్యాహ్నమున తొమ్మిదవ యధ్యాయమును, భూస్తరములలో దొరకు సాక్ష్యము అసంపూర్ణమని చెప్పుదానిని, ఆరంభింతుము. ఆరవదానిలో చూపిన మొదటి చిక్కునకు, నడిమి రూపములేల దొరకవను దానికి, డార్విను పూర్తి సమాధానము అందున్నది. గ్రంథాలయమున ప్రతులు రెండే కలవు గాన ముగ్గురేసి చొప్పున నొక ప్రతిని చూచి చదువుదుము. తలిదండ్రులలో రాదలచినవారును రావచ్చును. వెనుక బల్లలు ఖాళీగనే యుండును.